పార్కులోని పొడవాటి మట్టి కట్ట: పాత ప్రాకారం ముక్కా, చెరువు కట్టా?

నడకదారి

హన్మకొండ వైపు ఉన్న ఒక మున్సిపల్ పార్కులో, ఉదయం నడకకు వచ్చేవారందరూ చూసే ఒక మట్టి కట్ట గురించి ఈ వేదికలోని పెద్దల అభిప్రాయం కోరుతున్నాను. పార్కు వెనుక భాగంలో సుబాబుల్, కానుగ చెట్లు పెరిగి, కింద లంటానా పొదలు కమ్ముకున్న చోట సుమారు 300 మీటర్ల పొడవున ఈ కట్ట సాగుతుంది. ఎత్తు కొన్నిచోట్ల మనిషి నిలువు, కొన్నిచోట్ల అంతకు మించి ఉంటుంది. పాదం దగ్గర వెడల్పు 20 మీటర్లకు తక్కువ ఉండదు. రెండు చివరలా అది ప్రహరీ గోడ దగ్గర తెగిపోతుంది, గోడ అవతల కాలనీ ఇళ్లు వచ్చేశాయి.

ఇన్నాళ్లూ దాన్ని పూడిక మట్టి కుప్ప అనే అందరూ అనుకుంటున్నారు. ఈ మధ్య కొత్త నడకబాట కోసం జేసీబీతో ఒకచోట కట్టను అడ్డంగా కోశారు. కోసిన ముఖం మీద మట్టి కలగాపులగంగా లేదు, రంగులు మారుతూ పొరలు పొరలుగా ఉంది. ఒకపక్క పాదం వెంబడి పల్లపు నేల చారలా సాగుతుంది, వానాకాలంలో అక్కడ నీళ్లు నిలుస్తాయి. ఈ పట్టణం చుట్టూ ఒకప్పుడు మట్టి ప్రాకారాలు ఉండేవని చదివిన నాకు, ఇది వాటిలో ఒక ముక్క కావచ్చా అన్న ప్రశ్న వచ్చింది. పని ప్రస్తుతం ఆగి ఉంది కాబట్టి, మళ్లీ మొదలయ్యేలోపు తెలుసుకోవలసినది తెలుసుకుందామని అడుగుతున్నాను.

శిలాతోరణం

ముందుగా ప్రాకారాల గురించి తెలిసినంత వరకు చెబుతాను. ఓరుగల్లు కోట అనగానే మనకు గుర్తొచ్చేది గ్రానైట్ దిమ్మెలతో కట్టిన లోపలి రాతి కోట. గణపతిదేవుడి కాలంలో మొదలై రుద్రమదేవి కాలంలో పూర్తయినట్టు చెప్పే ఈ గోడకు 45 బురుజులు ఉన్నాయి, వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు. దాని చుట్టూ సుమారు 2.4 కిలోమీటర్ల వ్యాసంతో మట్టి కోట, దాని వెలుపల 45 మీటర్లకు పైగా వెడల్పున్న అగడ్త ఉన్నాయి. ఈ మట్టి కోట ఇప్పటికీ చాలా చోట్ల కనిపిస్తుంది, దాని మీదుగా రోజూ తిరిగేవారు కూడా దాన్ని గుట్ట అనుకుని దాటిపోతుంటారు. ఈ రెండింటికీ వెలుపల, సుమారు 12.5 కిలోమీటర్ల వ్యాసంతో మూడో ప్రాకారం ఉండేదని పరిశోధకులు రాశారు. అది కూడా మట్టితో వేసినదే. పట్టణం పెరుగుతున్న కొద్దీ ఎక్కువగా చదునైపోయింది ఇదే.

మట్టి గోడ అంటే రాతి గోడ కంటే తక్కువది అన్న భావం మనలో ఉంది. 1310లో మాలిక్ కాఫూర్ ముట్టడిని వర్ణించిన అమీర్ ఖుస్రో, ఇక్కడి మట్టి గోడలోకి ఉక్కు బల్లెం కూడా దిగదనీ, యంత్రాలతో విసిరిన రాళ్లు దానికి తగిలి వెనక్కి ఎగిరిపడతాయనీ రాశాడు. ముట్టడించినవారి పక్షాన నిలిచిన కవి రాసిన మాట అది. లోపలి రాతి కోటను చేరాలంటే ఢిల్లీ సైన్యం ముందు అగడ్తను పూడ్చి ఈ మట్టి గోడను దాటవలసి వచ్చింది. మట్టి కట్ట అన్న కారణంతో దేన్నీ తీసిపారేయకూడదు అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

మత్తడి

నేను నీటిపారుదల శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిని. ఉద్యోగ జీవితమంతా చెరువు కట్టల మీదే గడిచింది. మన జిల్లాల్లో పాత కట్ట ఏది కనిపించినా మొదట చెరువు కట్టేమోనని అనుమానించాలి, ఎందుకంటే ఇక్కడ కోటల కంటే చెరువులు ఎన్నో రెట్లు ఎక్కువ. పాకాల, రామప్ప, లక్నవరం, గణపురం వంటి పెద్దవాటి పేర్లు అందరికీ తెలుసు. పేరు కూడా మిగలని చిన్న కుంటలు పట్టణం కింద ఎన్ని పూడిపోయాయో వానలు దంచికొట్టిన ప్రతిసారీ మనకు తెలుస్తూనే ఉంది. 2020 ఆగస్టులోనూ 2023 జూలైలోనూ కాలనీల్లోకి వచ్చిన నీళ్లు కొత్త దారి వెతుక్కోలేదు, పాత వాగులూ శిఖం భూములూ (చెరువు నీరు నిలిచే నేలలు) ఉన్న పల్లానికే వచ్చాయి.

కాబట్టి చెరువు కట్టను కోట కట్ట నుంచి ఎలా వేరు చేయాలో చెబుతాను. చెరువు కట్ట వాలును అడ్డగిస్తుంది, పల్లం మధ్యలో ఎత్తుగా ఉండి రెండు చివరలా మెరక నేలలో కలిసిపోతుంది. నీరు సమమట్టంగా నిలుస్తుంది కనుక కట్ట పైభాగం కూడా ఈ చివర నుంచి ఆ చివర వరకు దాదాపు ఒకే మట్టంలో ఉండాలి, నేల ఎగుడుదిగుడుగా ఉన్నా సరే. కట్టకు నీటివైపు అలలు కోసుకుపోకుండా రాతి కట్టుబడి వేస్తారు. ఎక్కడో ఒకచోట తూము, ఒక చివర మత్తడి (నిండిన చెరువు మిగులు నీరు పొర్లిపోయే చోటు) ఉంటాయి. తూము రాళ్లను పీకి ఇళ్లకు వాడుకున్నా, ఆ చోట కట్టలో గండి లాంటి కుంగు మిగులుతుంది. కట్టకు దిగువ నేల ఆయకట్టు కాబట్టి నల్లగా, మెత్తగా ఉంటుంది. ఎగువ నేలలో పూడిక పొర ఉంటుంది.

కోట కట్టకు ఈ నియమాలేవీ వర్తించవు. దానికి నీటి మట్టంతో పని లేదు కాబట్టి నేల ఎక్కితే అదీ ఎక్కుతుంది, దిగితే అదీ దిగుతుంది. దానికి కావలసిన మట్టిని పక్కనే తవ్వి తీస్తారు, ఆ తవ్వకమే అగడ్త అవుతుంది. మీరు చెప్పిన పల్లపు చార అగడ్త కావచ్చు. అయితే చెరువు కట్టకు కూడా మట్టి పక్కనే తవ్వుతారు కాబట్టి ఆ ఒక్క గుర్తు మీద ఆధారపడవద్దు.

ఇంట్లో కూర్చుని వాదించుకోవడం కంటే కొలవడం మేలు. ఖరీదైన పరికరాలు అక్కరలేదు. తాపీ మేస్త్రీలు పునాది మట్టం చూసుకోవడానికి వాడే పారదర్శకమైన నీళ్ల పైపు, ఒక టేపు, కొలత గుర్తులు వేసిన రెండు కర్రలు చాలు. ప్రతి 20 మీటర్లకు కట్ట పైమట్టం, రెండు వైపులా పాదం మట్టం తీసి గ్రాఫు కాగితం మీద వేయండి. ఫోన్‌లో కనిపించే ఎత్తును మాత్రం నమ్మవద్దు, ఇంత చిన్న తేడాలకు అది పనికిరాదు.

పెద్దపల్లి చదువరి

మనం కాకతీయుల దగ్గరే ఎందుకు ఆగాలి? మా వైపు ధూళికట్టలో 1970ల తవ్వకాల్లో శాతవాహనుల నాటి మట్టి కోట బయటపడింది, దగ్గరలోనే ముచిలింద నాగుడి శిల్పాలున్న బౌద్ధ స్తూపం ఉంది. గోదావరి ఒడ్డున కోటిలింగాలలోనూ మట్టి ప్రాకారం ఉంది, శాతవాహన తొలి రాజుల నాణేలు అక్కడే దొరికాయి. ఆంధ్రులకు ప్రాకారాలున్న పట్టణాలు 30 ఉన్నాయని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. కాకతీయులకు వెయ్యేళ్లకు పైగా ముందే మట్టితో ఊరిని చుట్టడం ఉత్తర తెలంగాణకు తెలిసిన విద్య. ఈ కట్ట ఆ కాలానిది ఎందుకు కాకూడదు?

శిలాతోరణం

కాకూడదని ఎవరూ అనరు. కానీ ధూళికట్టలోనైనా కోటిలింగాలలోనైనా ప్రాకారం లోపల ఊరు ఉంది. ఇటుక గోడలు, బావులు, పూసలు, నాణేలు, అడుగుల మందాన పెంకులు దొరికాయి. ప్రాకారం ఒంటరిగా ఉండదు, దానికి ఒక ఊరు ఉండాలి. ఈ పార్కులో గానీ చుట్టుపక్కల ఇళ్ల పునాదుల్లో గానీ పాటిమట్టి పడినట్టు ఎవరైనా చూసి ఉంటే అప్పుడు ఆ మాట మాట్లాడవచ్చు. పాటిగడ్డ ఏదో మన రైతులకు బాగా తెలుసు. బూడిద రంగు మట్టి, పెంకులు, ఎముకల ముక్కలు ఉంటే బండ్లకెత్తి పొలాలకు తోలేవారు.

భూపొర

నేను భూవిజ్ఞానం చదువుకున్నాను. మూడో అవకాశం కూడా ఉంది, దాన్ని ముందే తీసేస్తే మంచిది. తెలంగాణ గ్రానైట్ నేలను చీల్చుకుంటూ డోలరైట్ శిల నిలువు పలకలుగా పైకి వచ్చిన చోట్లు చాలా ఉన్నాయి. చుట్టూ ఉన్న గ్రానైట్ అరిగిపోయాక ఈ నల్లరాయి, ఎవరో పేర్చిన గోడలా కిలోమీటర్ల కొద్దీ నిటారుగా మిగులుతుంది. దూరం నుంచి చూసి కోట గోడ అని పొరబడేవారు ఉంటారు. కోసిన ముఖంలో అడుగున నల్లరాతి గుండ్లు గానీ, నేలలోకి దిగిన శిల గానీ కనిపిస్తే చర్చ అక్కడితో ముగుస్తుంది.

అది లేకపోతే పొరల వరుసను చూడండి. ఏ నేలనైనా తవ్వుతూ పోతే పైన నల్లటి సారవంతమైన మట్టి, దాని కింద ఎర్రమట్టి, ఇంకా కింద మొరం, ఆ తరువాత కుళ్లిన గ్రానైట్ వస్తాయి. కందకం తవ్వి ఆ మట్టినే పక్కన పోసుకుంటూ పోతే ఈ వరుస తలకిందులవుతుంది. మొదట తవ్విన పైమట్టి కట్ట అడుగుకు చేరుతుంది, చివరగా తవ్విన మొరం నెత్తికెక్కుతుంది. పూడిక తీసి పోసినదైతే బురద మట్టి, నత్తగుల్లలు, మన కాలపు ప్లాస్టిక్ కలిసి ఉంటాయి. శిథిలాలు పోసిన కుప్పైతే సిమెంటు పెచ్చులు, ఇటుకలు ఏ వరుసా లేకుండా కనిపిస్తాయి. అన్నిటికంటే ముఖ్యమైనది కట్ట కింద పూడిపోయిన పాత నేల పొర. కట్ట పోసిన రోజు వరకు గడ్డి మొలిచి, ఆకులు కుళ్లిన ఉపరితలం అది. సన్నని నల్లటి గీతలా కనిపిస్తుంది. దానిలో బొగ్గు ముక్కలు ఉంటే కార్బన్ పద్ధతిలో కాలం కట్టవచ్చు. ఇసుక రేణువులు చివరిసారి వెలుతురు చూసినది ఎప్పుడో చెప్పే ఓఎస్ఎల్ పద్ధతికి కూడా అనువైన చోటు అదే.

ఒక విన్నపం. ఆ ముఖాన్ని చెక్కవద్దు, కడగవద్దు. టార్పాలిన్ కప్పించగలిగితే చాలు. ఒక్క గట్టి వానకు పొరలన్నీ జారిపోతాయి.

రాత్రి షిఫ్టు

పార్కు ఏదో చెప్పండి. మా మిత్రుడి దగ్గర మెటల్ డిటెక్టర్ ఉంది, ఒక ఆదివారం వెళ్లి చూస్తే తేలిపోతుంది కదా.

వేదిక నిర్వాహకురాలు

పార్కు పేరు ఇక్కడ ఎవరూ రాయవద్దు. గుప్తనిధుల కోసం గుడుల్లో నంది విగ్రహాలను కూడా పెకిలించిన సంఘటనలు మన జిల్లాల్లో అందరికీ తెలుసు. ఆ జాబితాలోకి ఇంకో చోటును చేర్చే పని ఈ వేదిక చేయదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన విలువైన వస్తువు గురించి కలెక్టరుకు తెలియజేయాలి. తవ్వకానికి పురావస్తు శాఖ అనుమతి ఉండాలి. పైన పడి ఉన్న పెంకును కూడా కదిలించకుండా, పక్కన కొలబద్ద పెట్టి ఫొటో తీయడం వరకే మన పని. ఏ పెంకు ఏ పొర నుంచి వచ్చిందో తెలియకుండా సంచిలో వేసుకుంటే దాని సాక్ష్యం అక్కడితో పోతుంది.

సేత్వార్

రెవెన్యూ రికార్డుల గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను చెబుతాను. ఆ పార్కు స్థలానికి పాత సర్వే నంబరు కనుక్కోండి. నిజాం కాలపు బందోబస్తులో (భూముల సర్వేలో) తయారైన సేత్వార్ అనే భూమి రిజిస్టరులో ఆ నంబరు ఏ రకం భూమిగా రాశారో చూడండి. 1954-55 నాటి ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డుతో సరిపోల్చండి. కట్టకు ఒక పక్క శిఖం అని ఉంటే మత్తడి గారి మాటే నిజమవుతుంది, అది చెరువు. గ్రామ నక్షలో గట్టు గీతలు ఎలా నడిచాయో కూడా ముఖ్యం. సర్వే చేసినవారు నేల మీద అప్పటికే కనిపిస్తున్న కట్టనో వాగునో హద్దుగా తీసుకునేవారు, కాబట్టి వంద సంవత్సరాల కిందట ఆ కట్ట ఎక్కడి నుంచి ఎక్కడి వరకు ఉండేదో నక్ష చెబుతుంది.

ఇంకొకటి. 1960ల్లో ‘కరోనా’ అనే పేరున్న అమెరికా గూఢచారి ఉపగ్రహాలు తీసిన చిత్రాలను 1995లో బహిరంగం చేశారు. కాలనీలు రాకముందు మన పట్టణం ఎలా ఉండేదో వాటిలో చూడవచ్చు. ఇప్పటి ఉపగ్రహ చిత్రంలో చెట్ల కింద దాగిన గీత, ఆనాటి బీడు భూముల మీద స్పష్టంగా పడి ఉండవచ్చు.

నడకదారి

మీరందరూ చెప్పినట్టే చేశాము. పార్కుకు రోజూ వచ్చే ఒక తాపీ మేస్త్రీ తన నీళ్ల పైపు తెచ్చి మట్టాలు తీయించారు, ఆయన ఓపికకు కృతజ్ఞతలు. కట్ట పాదం ఒక చివర నుంచి ఇంకో చివరకు సుమారు 2 మీటర్లు ఎక్కుతుంది. కట్ట పైభాగం కూడా దాదాపు అంతే ఎక్కుతుంది. ఎక్కడా మధ్యలో పెద్ద కుంగు లేదు. రెండు వైపులా రాతి కట్టుబడి జాడ కనిపించలేదు.

కోసిన ముఖాన్ని తాకకుండా, ఉదయం ఏటవాలు వెలుతురులో ఫొటోలు తీశాను. అడుగున జానెడు మందాన నల్లటి చార, దాని పైన ఎర్రమట్టి, ఆ పైన గ్రానైట్ పలుకులు కలిసిన మొరం ఉన్నాయి. నెత్తి మీద ఒక మూరలోపు మాత్రమే ప్లాస్టిక్, ఇటుక ముక్కలు ఉన్నాయి. నల్లరాతి శిల ఏమీ లేదు. గ్రామ నక్షలో ఈ కట్ట సన్నని పొడవాటి పట్టీగా, వేరే సర్వే నంబరుతో, సర్కారీ భూమిగా ఉంది. రెండు వైపుల నంబర్లలో దేనికీ శిఖం అని లేదు.

శిలాతోరణం

ఈ వివరాల తరువాత వంపు లెక్క చూడటం సమంజసం. వృత్తాకారపు గోడలో 300 మీటర్ల ముక్క ఎంత వంగాలో సులభంగా కట్టవచ్చు. పొడవు వర్గాన్ని వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగించాలి. రెండో ప్రాకారం, అంటే 1.2 కిలోమీటర్ల వ్యాసార్ధమైతే మధ్యలో సుమారు 9.4 మీటర్లు ఉబ్బాలి, అది కంటికే తెలుస్తుంది. వెలుపలి ప్రాకారం, అంటే 6.25 కిలోమీటర్ల వ్యాసార్ధమైతే 1.8 మీటర్లు మాత్రమే, కళ్లకు తిన్నగానే కనిపిస్తుంది. కాబట్టి ‘ఇది తిన్నగా ఉంది, కోట గుండ్రం కదా’ అని ఎవరైనా అంటే ఆ అభ్యంతరం నిలవదు. అలాగని తిన్నగా ఉండటం రుజువూ కాదు. కట్ట మధ్య నుంచి దానికి లంబంగా ఒక గీత గీసి, అది కోట నడిబొడ్డున ఉన్న స్వయంభూ దేవాలయ ప్రాంగణం వైపు వెళ్తుందో లేదో చూడండి. పల్లపు చార కోటకు వెలుపలి వైపు ఉండాలన్నది రెండో షరతు. గుట్టలూ వాగులూ ఉన్న నేల మీద అంత పెద్ద చుట్టు వేసినవారు అక్కడక్కడా దారి మార్చుకోక తప్పదు కాబట్టి కొన్ని డిగ్రీల తేడాను పట్టించుకోవద్దు.

నడకదారి

లంబం గీసి చూశాను. కొద్ది డిగ్రీల తేడాతో కోట వైపే వెళ్తోంది. పల్లపు చార వెలుపలి వైపే ఉంది.

మత్తడి

పైభాగం నేలతో పాటు ఎక్కుతోందన్న ఒక్క కొలత నాకు అన్నిటికంటే బలంగా కనిపిస్తోంది. అటువంటి కట్ట వెనుక నీరు నిలవదు, పల్లపు చివర నుంచి పొంగిపోతుంది. చెరువు కట్ట అన్న నా అనుమానానికి ఇక్కడ ఆధారం మిగలలేదు. కానీ ప్రాకారం అని ఇప్పుడే బోర్డు పెట్టమని కూడా నేను అనను. పొరలు తలకిందులుగా ఉన్నాయంటే పక్కన తవ్వి పోశారని మాత్రమే అర్థం, ఎప్పుడు పోశారో అది చెప్పదు. అడుగున ఉన్న నల్లటి చారను నిపుణులు పరీక్షించాలి. లోపల పెంకు దొరికినా తొందరపడకూడదు. కట్ట పోసినవారు తవ్విన నేలలో అంతకు ముందే ఉన్న పెంకు అందులోకి రావచ్చు. కట్ట ఆ పెంకు కంటే తరువాతిది అన్నంత వరకే దాని సాక్ష్యం.

పల్లపు చారలో కూడా ఒక చిన్న పరీక్ష గుంత అవసరం. పూడిపోయిన కందకం అసలు లోతు, వెడల్పు తెలిస్తే, అక్కడి నుంచి తీసిన మట్టి పరిమాణం కట్టలోని మట్టికి సరిపోతుందో లేదో లెక్క వేయవచ్చు. సరిపోతే రెండూ ఒకే పనిలో భాగమని తేలుతుంది. ఆ గుంత తవ్వవలసినది శాఖ వారు, మనం కాదు.

సుబేదారి వాసి

నాకొక సందేహం ఉంది, దీన్ని వ్యతిరేకతగా తీసుకోవద్దు. మా కాలనీలో పెద్దవాళ్లకు నడవడానికి వేరే చోటు లేదు. ప్రధాన రహదారి మీద నడిస్తే ప్రాణాలకు హామీ లేదు. ఎప్పటిదో తెలియని మట్టి కోసం బాట పనిని నెలల తరబడి ఆపితే ఇబ్బంది పడేది వాళ్లే. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మగారు ఆ బాట కోసమే ఎదురుచూస్తున్నారు.

శిలాతోరణం

మీ అమ్మగారి బాట ఆగకూడదు. నా అభిప్రాయంలో దాన్ని ఆపవలసిన అవసరమే లేదు. కట్టను కోయకుండా దాని లోపలి పాదం వెంబడి బాట తిప్పితే పొడవు కొద్దిగా పెరుగుతుంది, ఎక్కుడు లేకుండా నేల మట్టంలోనే సాగుతుంది కనుక మోకాళ్లకూ అదే మంచిది. కట్ట మీది చెట్ల నీడ కూడా బాట మీద పడుతుంది.

చట్టం గురించి ఒక మాట. రక్షిత కట్టడానికి 100 మీటర్ల వరకు నిర్మాణాలు నిషేధమనీ, ఆ తరువాత 200 మీటర్లు నియంత్రిత ప్రాంతమనీ మనం తరచూ వింటాం. కట్టడం రక్షిత జాబితాలో ఉంటేనే ఆ నియమం పనిచేస్తుంది. ఈ కట్ట పేరు ఏ జాబితాలోనూ లేదు కాబట్టి ఈ రోజు దాన్ని చదును చేసినా చట్టం అడ్డురాదు. రాష్ట్ర వారసత్వ చట్టం 2017లో వచ్చింది. దాని కింద పరిశీలన జరగాలన్నా ముందు ఎవరో ఒకరు ఫలానా చోట ఇలాంటిది ఉందని రాతపూర్వకంగా చెప్పాలి. మన పట్టణంలో పోయిన మట్టి కట్టలన్నీ ఎవరూ ఏమీ రాయకపోవడం వల్లే పోయాయని నా బాధ.

సుబేదారి వాసి

లోపలి పాదం వెంబడి అయితే మాకు అభ్యంతరం లేదు. వినతిపత్రం మీద కాలనీ సంఘం తరఫున సంతకాలు నేను సేకరిస్తాను.

నడకదారి

వినతిపత్రం సిద్ధం చేశాను. నగరపాలక సంస్థ కమిషనరుకు ఒక ప్రతి, రాష్ట్ర వారసత్వ శాఖకు ఒక ప్రతి, కేంద్ర పురావస్తు శాఖ హైదరాబాద్ సర్కిల్‌కు ఒక ప్రతి పంపుతున్నాము. మట్టాల గ్రాఫు, పొరల ఫొటోలు, గ్రామ నక్ష నకలు, కోట వైపు గీసిన లంబం ఉన్న పటం జత చేశాము. ఇది కాకతీయుల ప్రాకారమని అందులో ఎక్కడా రాయలేదు. కొలతల్లో తేలినది రాసి, మూడు పనులు కోరాము. బాటను కట్ట లోపలి పాదం వెంబడి మళ్లించాలి. కోసిన ముఖాన్ని నిపుణులు నమోదు చేసే వరకు టార్పాలిన్‌తో కప్పి ఉంచాలి. ఆ తరువాత కోసిన చోటును సిమెంటుతో కాకుండా అదే మట్టితో, పాత పొరకూ కొత్త పొరకూ మధ్య గుర్తుగా ఒక వల పరిచి పూడ్చాలి.

భూపొర గారూ, ఫొటోల్లో పొరల పేర్లను మీరు ఒకసారి సరిచూస్తే రేపు ఉదయం కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకుంటాను.

భూపొర

చూశాను. రెండో ఫొటోలో ‘ఎర్రమట్టి’ అని రాసిన పొర పైసగం నిజానికి మొరంలో కలిసిపోతోంది. అక్కడ గీతను తెగ్గొట్టినట్టు గీయకుండా చుక్కల గీతగా మార్చండి. మిగతావన్నీ సరిగా ఉన్నాయి, ఇచ్చేయండి.